వీడియో వ్యాఖ్యాతల ఊతపదాలు

అంతర్జాలంలో వీడియోలు ప్రసారం చేసే వ్యాఖ్యాతలు తమ ప్రసంగంలో అలవాటుగా, పదే పదే పలికే మాటలను, పదబంధాలను, స్థిరవాక్యాలను వీడియో వ్యాఖ్యాతల ఊతపదాలు అనవచ్చును. "అందరికీ నమస్కారం, మన ఛానల్‌కు స్వాగతం" అనే ఆరంభం, మధ్యలో వచ్చే "ఏంటంటే", "చూసుకున్నట్లయితే", "అన్నమాట" వంటి మాటలు, చివర "మరో వీడియోలో మళ్ళీ కలుద్దాం" అనే వీడ్కోలు ఇందుకు ఉదాహరణలు. వీటిని భాషాదోషాలుగా పరిగణించేవారు ఎక్కువ. అయితే వీటిలో చాలా వరకు ఎదుట శ్రోత లేని లోటును పూరించడానికి పుట్టిన మాటలు. తెలుగు కథాగాన సంప్రదాయంలో వంతపాటగాడు, "ఊఁ" కొట్టే శ్రోత చేసిన పనిని ఇప్పుడు వ్యాఖ్యాత ఒక్కడే ఈ మాటలతో చేసుకొంటున్నాడు.

పదవివరణ

"ఊత" అనగా ఆధారము, ఆసరా. నడవడానికి ఆసరాగా పట్టుకొనే కర్ర ఊతకర్ర. అదే విధంగా మాట ముందుకు సాగడానికి ఆసరాగా వాడే పదం ఊతపదం. కొందరు "ఊతమాట" అని కూడా అంటారు. కర్ర ఉన్నంత మాత్రాన నడక తప్పు కాదు. కర్ర లేనిదే అడుగు పడని స్థితి వచ్చినపుడే చూసేవారికి ఇబ్బంది కలుగుతుంది. ఊతపదానికి కూడా ఈ పోలిక సరిపోతుంది.

ఊతపదానికి దగ్గరగా ఉండి, దానితో కలిసిపోయే అవకాశం ఉన్న పదాలు మరి రెండు కలవు.

పాదపూరణము: పద్యపాదంలో గణాలు సరిపోవడానికి, అర్థంతో అంతగా పని లేకుండా చేర్చే పదం. యాస్కుడు తన నిరుక్తంలో వేదంలోని కొన్ని నిపాతాలను పాదపూరణార్థకాలుగా పేర్కొన్నాడు. అనగా ఖాళీ నింపే మాటలను గుర్తించి, వాటికి ఒక పేరు పెట్టి చర్చించడం మన దేశంలో అతి ప్రాచీనమైన విషయం.

మకుటము: శతకంలో ప్రతి పద్యం చివరా పునరావృతమయ్యే సంబోధన. ఇది తెలిసి చేసే పునరుక్తి. వినగానే అది ఎవరి పద్యమో తెలుస్తుంది. వేమన పద్యాలు, సుమతీ శతకం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణలు.

వీడియో వ్యాఖ్యాతల మాటల్లో ఈ రెండు లక్షణాలూ కనిపిస్తాయి. ప్రతి వీడియోలోనూ ఒకే తీరుగా పలికే ఆరంభం, ముగింపు మకుటం వంటివి. తడబాటును కప్పుకోవడానికి మధ్యలో దొర్లే మాటలు పాదపూరణం వంటివి.

పూర్వ చరిత్ర

కథలు, కథాగానం

తెలుగునాట కథ చెప్పేవారికి "ఊఁ" కొట్టేవారు ఉండడం ఆనవాయితీ. పిల్లలు ఊఁ కొట్టడం మానితే, నిద్రపోయారని గ్రహించి అవ్వ కథ ఆపేది. అనగా "ఊఁ" అనేది ఉత్త శబ్దం కాదు. కథ వినబడుతున్నదని, ఇంకా చెప్పమని శ్రోత ఇచ్చే సంకేతం.

ప్రదర్శన కళలలో ఈ బాధ్యతను ప్రత్యేకంగా కొందరికి అప్పగించారు. బుర్రకథలో తంబుర పట్టిన కథకుడికి ఇరువైపులా ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరు హాస్యం చెబుతారు, మరొకరు రాజకీయ వ్యాఖ్య చేస్తారు. "తందాన తాన" అని వంత అందుకొనే లోపల కథకుడు ఊపిరి తీసుకొని, తరువాతి ఘట్టాన్ని గుర్తు చేసుకొంటాడు. హరికథలో దాసుగారు గోవింద నామస్మరణ చేయించినపుడు సభ మొత్తం గొంతు కలుపుతుంది. చెదిరిన శ్రోతల దృష్టి మరల కథ మీదకు వస్తుంది. తెలంగాణలోని ఒగ్గుకథలో కూడా ప్రధాన కథకునికి సహాయకులు ఉంటారు. ఈ పునరుక్తులను ఎవరూ దోషాలుగా భావించలేదు.

మౌఖిక కావ్యాలలో స్థిరపదబంధాల పాత్రను మిల్మన్ పారీ, ఆల్బర్ట్ లార్డ్ అనే అమెరికా పండితులు యుగోస్లావియా గాయకుల పాటల ఆధారంగా వివరించారు. లార్డ్ గ్రంథం 1960లో వెలువడింది. కాగితం లేకుండా వేగంగా కథ అల్లవలసిన గాయకునికి సిద్ధంగా ఉన్న పదబంధాలే పనిముట్లని వారి సిద్ధాంతం.

రేడియో, దూరదర్శన్

హైదరాబాదులో నిజాం కాలంనాటి దక్కన్ రేడియో 1930లలో ప్రారంభమై, 1950లో ఆకాశవాణిలో విలీనమైనది. "ఆకాశవాణి, వార్తలు, చదువుతున్నది..." అనే ఆరంభం తెలుగువారి చెవులలో నిలిచిపోయింది. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న ప్రారంభమైనది. 1983 నవంబరు 14న మొదలైన తెలుగు వార్తలను మొదట చదివినవారు శాంతిస్వరూప్. రేడియోలోనూ దూరదర్శన్‌లోనూ వార్తలకు ముందుగా వ్రాసిన ప్రతి ఉండేది. కనుక స్థిరవాక్యాలు ఉన్నప్పటికీ, తడబాటును నింపే ఊతపదాలకు చోటు తక్కువ.

రేడియో వ్యాఖ్యాతల తడబాట్లను, వాటిని వారు సర్దుకొనే తీరును ఎర్వింగ్ గోఫ్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1981లో ప్రచురించిన తన పుస్తకంలో విపులంగా చర్చించాడు. అంతకు ముందే 1956లో డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ టెలివిజన్ వ్యాఖ్యాత ప్రేక్షకునితో ముఖాముఖి మాట్లాడుతున్న భ్రమ కల్పించే విధానాన్ని వివరించారు. తానెన్నడూ చూడని వ్యక్తిని పాత స్నేహితునిగా పలకరించడం ఈ విధానంలో ముఖ్యమైనది. నేటి "హాయ్ ఫ్రెండ్స్"కు మూలం ఇక్కడే ఉన్నదని చెప్పవచ్చును.

అంతర్జాల వీడియోల రాక

యూట్యూబ్ 2005లో అమెరికాలో ప్రారంభమైనది. భారతదేశానికి ప్రత్యేక పేజీ 2008లో వచ్చింది. 2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలై డేటా ధరలు బాగా తగ్గిన తరువాత, గ్రామాలలో సైతం సెల్‌ఫోన్‌లో వీడియోలు చూసేవారు, తీసేవారు పెరిగారు. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను భారత ప్రభుత్వం నిషేధించిన తరువాత చాలామంది ఇతర వేదికలకు మారారు.

ఈ వ్యాఖ్యాతలలో అధికులకు ప్రతి లేదు, శిక్షణ లేదు, వంత లేదు, ఎదురుగా సభ కూడా లేదు. ఫోను మాత్రమే ఎదురుగా ఉంటుంది. దీనికి తోడు వేదికల నిబంధనలు కూడా మాటతీరును ప్రభావితం చేశాయి. 2018 నుండి యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయం పొందడానికి కనీసం 1,000 మంది చందాదారులు, సంవత్సరంలో 4,000 గంటల వీక్షణ ఉండాలనే నియమం వచ్చింది (పొడుగు వీడియోలకు). అందుచేత "సబ్‌స్క్రైబ్ చేసుకోండి" అనేది మర్యాద మాట కాదు, జీవనోపాధికి సంబంధించిన అభ్యర్థన. వీడియో మధ్యలో ప్రకటనలు చేర్చడానికి కనీస నిడివి మొదట 10 నిమిషాలు కాగా, 2020 జూలైలో 8 నిమిషాలకు తగ్గించారు. మూడు నిమిషాల విషయాన్ని ఎనిమిది నిమిషాలకు పెంచవలసినపుడు ఊతపదాలు పెరుగుతాయి. ఇటువంటి సాగదీతను తెలుగువారు "సుత్తి" అంటారు. "నాలుగు స్తంభాలాట" (1982) చిత్రంతో ఆ మాట బహుళ ప్రచారం పొందింది.

రకాలు

ఆరంభ వాక్యాలు: "హాయ్ ఫ్రెండ్స్", "అందరికీ నమస్కారం", "మన ఛానల్‌ను మొదటిసారి చూస్తున్నట్లయితే", "లేట్ చేయకుండా వీడియోలోకి వెళ్ళిపోదాం". ఆంగ్ల వ్యాఖ్యాత "నా ఛానల్" అనే చోట తెలుగు వ్యాఖ్యాత తరచుగా "మన ఛానల్" అంటాడు. తెలుగులో వినేవారిని కలుపుకొనే "మనం", వినేవారిని కలపని "మేము" వేరువేరుగా ఉన్నవి. ఆంగ్లంలో ఈ భేదం లేదు. ఒక్క "మన"తో చూసేవారు కూడా ఇంటివారు అవుతారు.

పిలుపులు: "ఫ్రెండ్స్", "అండీ", "అన్నా", "అక్కా", "తమ్మీ", "బ్రో", "మామా", "గురూ", "అబ్బా". వరుసపెట్టి పిలవడం తెలుగువారికి సహజం కనుక, పరిచయం లేని వేలమందిని సైతం ఒక వరుసలోకి తెచ్చుకొంటారు.

నడిమి మాటలు: "అంటే", "ఏంటంటే", "అయితే", "సో", "బేసికల్‌గా", "యాక్చువల్‌గా", "అసలు", "అన్నమాట", "కదా", "మీరు నమ్ముతారో లేదో".

వంటల వీడియోలు: "వేసేసుకుందాం", "కలిపేసుకోవాలి", "ఈ విధంగా", "టేస్ట్ మాత్రం చాలా బాగుంటుంది". ఇచ్చట "కొను" ధాతువు చేరడం వల్ల చూసేవారు కూడా తమ కోసం తాము వండుకొంటున్న భావం కలుగుతుంది.

వార్తలు, విశ్లేషణలు: "చూసుకున్నట్లయితే", "చెప్పుకోవచ్చు", "చేయడం జరిగింది", "తెలియజేయడం జరుగుతుంది".

పాఠాలు: "ఓకేనా", "రైట్", "అర్థమవుతుందా", "నోట్ చేసుకోండి", "చాలా ఇంపార్టెంట్".

ముగింపు వాక్యాలు: "నచ్చితే లైక్ చేయండి, షేర్ చేయండి", "పక్కనే ఉన్న బెల్ ఐకాన్ నొక్కండి", "మీ అభిప్రాయాన్ని కామెంట్ రూపంలో తెలియజేయండి", "మరో వీడియోలో మళ్ళీ కలుద్దాం".

భాషాశాస్త్ర దృష్టి

తెలుగు ఊతపదాలలో గణనీయమైన భాగం "అను" అనే ఒకే ఒక క్రియ నుండి పుట్టినవి. అంటే, ఏమంటే, ఏంటంటే, అన్నట్టు, అన్నమాట, అనుకోండి అనేవన్నీ ఆ కుటుంబానికి చెందినవే. "అంటే" అనగా "అని పలికినట్లయితే" అని అసలు అర్థం. అనగా వ్యాఖ్యాత ప్రతిసారీ "ఇది ఏమిటి అని మీరు అడిగితే" అని తనకు తానే ఒక ప్రశ్నను కల్పించుకొని, సమాధానం చెబుతున్నాడు. లేని శ్రోత వాక్యంలోపలే నిలబడి ఉన్నాడు.

ఈ "అను" ప్రభావం తెలుగుకే పరిమితం కాలేదు. తెలుగులో "వస్తాను అని చెప్పాడు" అన్నట్లే, హైదరాబాదు దక్కనీ ఉర్దూలో "బోల్‌కే" అనే మాటను వాడుతారు. ఇది ద్రావిడ భాషల వాక్యనిర్మాణ ప్రభావమని భాషావేత్తలు గుర్తించారు.

వినేవారు ఇచ్చే "ఊఁ" వంటి సంకేతాలకు 1970లో విక్టర్ ఇంగ్వే అనే భాషావేత్త ఒక పారిభాషిక పదం ఏర్పరచాడు. వర్తమానం చేరవేయడం కన్న సంబంధం నిలుపుకోవడం ప్రధానంగా గల పలకరింపుల గురించి మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ 1923లోనే వ్రాశాడు. ఆంగ్లంలోని "అ", "అమ్" అనే తడబాటు శబ్దాలు కూడా అర్థరహితాలు కావని, కొద్ది ఆలస్యానికి ఒకటి, ఎక్కువ ఆలస్యానికి మరొకటి సూచనలుగా పనిచేస్తాయని హెర్బర్ట్ క్లార్క్, జీన్ ఫాక్స్ ట్రీ 2002లో వాదించారు. "ఆగండి, నా వంతు ఇంకా పూర్తి కాలేదు" అని వక్త చెప్పుకోవడమే ఇందలి సారాంశం.

ఉస్మానియా ప్రాంగణం, తార్నాక

ఈ విషయాన్ని ఒకే చోట పరిశీలించడానికి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం, దానిని ఆనుకొని ఉన్న తార్నాక తగిన ప్రదేశాలు. పలు భాషల, పలు మాండలికాల మాటతీరులు ఇక్కడ ఒకదానితో ఒకటి కలుస్తాయి.

1918లో స్థాపించబడిన ఈ విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైనది. ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య బోధించడం అప్పట్లో గొప్ప ప్రయోగం. 1948 తరువాత ఆంగ్లం బోధనాభాష అయినది. తెలుగు శాఖలో ఆచార్య బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయాలపై పరిశోధన చేసి, ఆ రంగానికి దారి వేశారు. భాషాశాస్త్ర శాఖకు 1962 నుండి ఆచార్యులుగా ఉన్న భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం (వ్యవసాయం) అదే సంవత్సరం వెలువడినది. రైతులు పలికే మాటలను ఊరూరా తిరిగి సేకరించి, వాటికి నిఘంటువులో స్థానం కల్పించిన కృషి అది. జె.పి.ఎల్. గ్విన్‌తో కలిసి ఆయన వ్రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం 1985లో ప్రచురితమైనది.

తార్నాకలో ఇఫ్లూ (ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఉన్నది. 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థగా మొదలై, 1972లో విదేశీ భాషలను కూడా పేరులో చేర్చుకొని, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయినది. ఆంగ్ల బోధకులకు ఉచ్చారణలో శిక్షణ ఇవ్వడం ఈ సంస్థ ఆశయాలలో ఒకటి. ఈ విధంగా రహదారికి ఒక వైపు తెలంగాణ పల్లెల నుండి వచ్చిన విద్యార్థుల మాట, మరొక వైపు ప్రామాణిక ఆంగ్ల ఉచ్చారణ, మధ్యలో బజారులో దక్కనీ వినవస్తాయి. ఇక్కడి యువకుని మాటలో "ఇగ", "మల్ల", "గదా", "అచ్ఛా", "మతలబ్", "యార్", "యాక్చువల్‌గా" ఒకే నిమిషంలో దొర్లడంలో ఆశ్చర్యం లేదు.

1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనం ఎన్నో వీడియోలకు నేపథ్యంగా నిలిచింది. 2009 నవంబరు నుండి ఉధృతమైన తెలంగాణ ఉద్యమంలో ఈ ప్రాంగణం ప్రధాన కేంద్రం. ఆనాటి సభలలో ప్రసంగం ముగించేటపుడు "జై తెలంగాణ" అనడం, సభ తిరిగి అనడం ఆనవాయితీ అయినది. హరికథలోని నామస్మరణ వలె ఇది వక్తను, సభను ఒకటి చేసే మకుటం. ఆ సభలలో మాట్లాడిన తరానికి శ్రోతల జవాబు ప్రత్యక్షంగా వినిపించేది. కెమెరా ముందు మాట్లాడేవారికి ఆ జవాబు లేదు.

పోటీ పరీక్షలకు చదివే విద్యార్థులు వినే పాఠాల వీడియోలలో ఈ తేడా మరింత స్పష్టం. తరగతి గదిలో ఉపాధ్యాయుడు "అర్థమైందా?" అని అడిగి, పిల్లల ముఖాలు చూసి, అవసరమైతే మరల చెబుతాడు. అది నిజమైన ప్రశ్న. వీడియోలో అదే ప్రశ్నకు జవాబు వచ్చే వీలు లేదు. అయినా అలవాటు కొద్దీ అడుగుతూనే ఉంటాడు. ఆ విధంగా ప్రశ్న ఊతపదంగా మారిపోతుంది. అర్థం కాని విద్యార్థి హాస్టలు గదిలో వీడియోను వెనక్కు జరుపుకొని మరొకసారి వినవలసినదే.

మాండలికము, గౌరవము

ఊతపదాలు వక్త ప్రాంతాన్ని వెంటనే పట్టి ఇస్తాయి. విషయాన్ని ప్రామాణిక భాషలో చెప్పేవారు సైతం తడబడినపుడు ఇంటి మాటనే పలుకుతారు. తెలంగాణలో "ఇగ", "గట్ల", "ముచ్చటేందంటే", కోస్తాలో "మరే", "కదండీ", రాయలసీమలో "అబ్బా", "సామీ", ఉత్తరాంధ్రలో "ఏటి", "బావూ" అటువంటివి.

వీటిపై సమాజం ఇచ్చే తీర్పులో సమానత్వం లేదు. పది మాటలకొకసారి "యాక్చువల్‌గా" అనే అభ్యర్థిని చదువుకొన్నవాడుగాను, అన్నిసార్లే "ఇగ" అనేవానిని మోటువాడుగాను భావించడం కద్దు. రెండూ చేసే పని ఒక్కటే. చలనచిత్రాలలో తెలంగాణ మాటను దుష్టపాత్రలకు, హాస్యపాత్రలకు కేటాయించారనే విమర్శ చిరకాలంగా ఉన్నది. తత్ఫలితంగా నగరానికి వచ్చిన విద్యార్థి నోరు విప్పడానికే జంకిన సందర్భాలు అనేకం. ఊతపదాన్ని ఎగతాళి చేయడం అంటే చాలాసార్లు ఊరిని ఎగతాళి చేయడమే.

ఈ స్థితిలో మార్పు తెచ్చిన వాటిలో వీడియోలు కూడా ఉన్నాయి. 2012లో ప్రారంభమైన వీ6 ఛానల్ తీన్మార్ వార్తలను తెలంగాణ మాటలో చెప్పించింది. అదే సంవత్సరం ప్రస్తుత జగిత్యాల జిల్లాలోని లంబాడిపల్లి నుండి మొదలైన మై విలేజ్ షో, అందులో నటించిన గంగవ్వ ద్వారా, పల్లె మాటను పల్లె మాటగానే లోకానికి వినిపించింది. వాడుక భాషకై పోరాడిన గిడుగు రామమూర్తి జన్మదినం ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగాను, కాళోజీ నారాయణరావు జన్మదినం సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగాను జరుపుకొంటారు. పుస్తకానికి ఎక్కని మాటకు గౌరవం కావాలన్నదే ఆ ఇద్దరి ఆశయం.

విమర్శలు

అన్ని ఊతపదాలూ నిరపాయకరమైనవి అనలేము. వార్తలలో వినబడే "చేయడం జరిగింది" అనే వాడుక ఇందుకు ఉదాహరణ. "ఇళ్ళు కూల్చివేయడం జరిగింది" అన్న వాక్యంలో కూల్చినది ఎవరో లేదు. కార్యాలయ భాష నుండి వచ్చిన ఈ మాట కర్తను మరుగుపరచి, జవాబుదారీని తొలగిస్తుంది. "ఇగ" అనడం వల్ల ఎవరికీ నష్టం లేదు. "జరిగింది" వల్ల వినేవారు ఒక ముఖ్యమైన సమాచారాన్ని కోల్పోతారు. "చూసుకున్నట్లయితే" అని మొదలుపెట్టి, చూస్తే ఏమగునో చెప్పకుండా ముగించే వాక్యాలు కూడా ఈ కోవకు చెందినవే.

ఆరోగ్యం, మదుపు వంటి విషయాలలో "నూటికి నూరు శాతం", "గ్యారంటీగా" అనే మాటలు ఊతపదాలుగా స్థిరపడడం మరింత ప్రమాదకరం. పలికేవారికి అది అలవాటు. వినేవారు దానిని హామీగా గ్రహించగలరు.

చిన్నపిల్లలు ఆటలలో "లైక్ చేయండి, సబ్‌స్క్రైబ్ చేయండి" అనడం తల్లిదండ్రులకు పరిచితమే. దానికి కలవరపడవలసిన పని లేదు. ఒక తరం పిల్లలు రేడియో వార్తలను అనుకరించారు, అంతకు ముందు తరం హరిదాసును అనుకరించింది.

సవరించుకొను విధానం

తన ఊతపదం ఏదో సాధారణంగా వక్తకు తెలియదు. పది నిమిషాల ప్రసంగాన్ని రికార్డు చేసుకొని, వినబడిన ఊతపదాలను కాగితం మీద లెక్కించుకొనుట మొదటి మెట్టు. ఊతపదం వచ్చే చోట క్షణం మౌనంగా ఉండుట రెండవది. ఎదుట ఒక మిత్రుని కూర్చుండబెట్టుకొని అతనికి చెబుతున్నట్లు మాట్లాడుట మూడవది. ఊఁ కొట్టే మనిషి ఒక్కరు ఉంటే సగం ఊతపదాలతో అవసరం తీరిపోతుంది. మిగిలిన సగంలో ఇంటి మాటలు ఉన్నట్లయితే, వాటిని తొలగించుకొనవలసిన అవసరం లేదు.

ఇవి కూడా చూడండి

తెలుగు మాండలికాలు
బుర్రకథ
హరికథ
ఒగ్గుకథ
ఉస్మానియా విశ్వవిద్యాలయం
తార్నాక
భద్రిరాజు కృష్ణమూర్తి